రాజ్యం గారు వద్దన్నారట

"నల్ల గ్రానైటు వద్దట గీతా," అన్నాడు అశోక్, ఇంటి ప్లాను మడత విప్పుతూ.

గీతాంజలి చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. ఆ 'ట' ఎవరిదో ఆమెకి వేరే చెప్పక్కర్లేదు. నెల రోజులుగా ఇంట్లో ఎటు తిరిగినా అదే వినపడుతోంది.

"రాజ్యం గారేనా?"

"ఆఁ. లేత రంగువి, సన్నటి చుక్కలున్న టైల్స్ వేయించుకోమన్నారు."

తాడేపల్లిగూడెంలో పదేళ్లు అద్దె వాటాలో సర్దుకుని, పెంటపాడు రోడ్డులో ఐదు సెంట్ల స్థలం కొన్నారు. ఇల్లు ఎలా ఉండాలో గీతాంజలి ఆ పదేళ్లూ అనుకుంటూనే ఉంది. మొహం చూసుకునేంత నున్నటి నల్ల గ్రానైటు. హాలు మధ్యలో రెండు మెట్లు దిగితే సోఫాలు. సింహద్వారానికి లతలు, నెమళ్లు చెక్కిన టేకు తలుపు. ఇంజనీరు పృథ్వీ అన్నీ ముచ్చటగా గీసి ఇచ్చాడు కూడా.

అప్పుడు ఊడిపడింది ఈ రాజ్యం.

అశోక్ చేపల మేత కంపెనీలో సేల్స్ చూస్తాడు. వారంలో నాలుగు రోజులు కొల్లేరు చెరువు గట్ల మీదే తిరుగుడు. మంగళవారం మాత్రం ఏలూరు. ఇదివరకు ఏలూరు నుంచి వస్తూ పూలో, పకోడీలో పట్టుకొచ్చేవాడు. ఇప్పుడు దిద్దిన ప్లాను పట్టుకొస్తున్నాడు. ఒక వారం మెట్లు పోయాయి, హాలంతా ఒకే మట్టానికి వచ్చేసింది. మరో వారం నెమళ్లు ఎగిరిపోయాయి, తలుపు ఉత్త చెక్కలా మిగిలింది. ఆ పైవారం పడకగదిలో మూడడుగులు కోసేసి, పెరటివైపు కప్పు వేసిన పెద్ద వాష్ ఏరియా పెట్టించాడు. ఆవిడ పేరు చెప్పగానే పృథ్వీ కూడా కిక్కురుమనకుండా పెన్సిలు తీస్తున్నాడు.

మొదట్లో ఒకసారి గీతాంజలి అడిగింది.

"ఎవరండీ ఆవిడ?"

"ఏలూరులో ఉంటారు. పృథ్వీయే చెప్పాడు. ఇళ్ల గురించి ఆవిడకి తెలిసినంత మనకి తెలీదు గీతా. నిన్నూ ఓసారి తీసుకెళ్తాను, రా."

"నాకేం అవసరం లేదు," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. అతను మళ్లీ పిలవలేదు. పిలవనందుకు ఇంకాస్త కోపం వచ్చింది.

అసూయ అంటే ఏమిటో గీతాంజలికి ఆ నెలలోనే తెలిసొచ్చింది. కూర తరుగుతుంటే రాజ్యం. బట్టలు ఆరేస్తుంటే రాజ్యం. వయసెంతో, ఎలా ఉంటుందో, ఇతనికి కాఫీ ఎలా ఇస్తుందో. ఒకరోజు ప్లాను మీద తడి వేలిముద్ర కనిపించింది. ఆరిపోయి కాగితం ముడతపడింది. సన్నటి ఆడవేలు. ఇద్దరూ ఒకే కాగితం మీదకి వంగి, ఆవిడ వేలు పెట్టి చూపిస్తుంటే ఇతను తలూపుతూ ఉన్నట్టు కళ్లకి కట్టింది. ఆ పూట ఆమెకి అన్నం సహించలేదు.

ఇల్లు ఎలా ఏడిస్తే అలా ఏడవనీ. మనిషి కూడా చేజారిపోతున్నాడేమోనని భయం పట్టుకుంది.

ప్లాను వెనక అశోక్ చేతిరాతతో ఆర్.ఆర్.పేట అడ్రసు ఉంది. దాని కింద 'మంగళవారం, పదకొండుకి' అని ఉంది. ఆ మంగళవారం అతనికి కైకలూరులో పని పడింది. గీతాంజలి ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. తాళి పైకి కనిపించేలా సర్దుకుంది. ప్లాను చంకలో పెట్టుకుని ఏలూరు బస్సెక్కింది. అనాల్సిన మాటలన్నీ దారి పొడుగునా వరసగా పేర్చుకుంది.

అడ్రసులో ఉన్నది తెల్లటి మేడ. సింహద్వారానికి టేకు తలుపు. దాని మీద లతలు, నెమళ్లు. గీతాంజలి బెల్లు గట్టిగా నొక్కింది.

తలుపు తీసినావిడకి ముప్పై అయిదు దాటి ఉండవు. పచ్చటి మనిషి. చెవులకి రవ్వల దిద్దులు, నలగని చీర. ఇంత బాగుండకపోతే బాగుండేదనుకుంది గీతాంజలి.

"ఎవరు కావాలండీ?"

"తాడేపల్లిగూడెం అశోక్ గారి భార్యనండి."

"ఏ అశోక్ గారండీ?" అందావిడ, ఏమీ ఎరగనట్టు.

ఎంత నటన. గీతాంజలి పళ్లు బిగపట్టింది. ఆవిడ లోపలికి రమ్మంది. హాలు మధ్యలో రెండు మెట్లు దిగాలి. కింద నల్ల గ్రానైటు నిగనిగలాడుతోంది. తనకి వద్దన్నవన్నీ ఇక్కడ కొలువుతీరి ఉన్నాయి. ఆమెకి ఒళ్లు భగ్గుమంది.

టీపాయ్ మీద ప్లాను పరిచింది. బస్సులో పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"మీకు గ్రానైటు ఉండొచ్చు, మెట్లుండొచ్చు, నెమళ్లుండొచ్చు. నాకు మాత్రం ఏవీ ఉండకూడదు. నా ఇంట్లో నా మాట లేకుండా చేశారు కదండీ. పోనీండి, ఇల్లు మీకెలా నచ్చితే అలాగే కడతాం. మా ఆయన్ని మాత్రం నాకు వదిలేయండి. మీకు దణ్ణం పెడతాను."

అంటూ నిజంగానే చేతులు జోడించింది.

ఆవిడ తెల్లబోయింది. గీతాంజలిని చూసింది. ఎర్ర పెన్నుతో దిద్దిన ప్లానుని కాసేపు చూసింది. ఆ తర్వాత నవ్వు ఆపుకుంటూ పెరటివైపు తిరిగి కేకేసింది.

"రాజ్యం, ఆ అంట్లు అలా ఉంచి ఒకసారి ఇటు రా, మళ్లీ ఎవరో నీకోసం ఇంటి ప్లాను పట్టుకొచ్చారు."