వార్సితో టోఫూ బండి

“ఆ ముసలాడి బండి మన పక్కనే ఎందుకు పెట్టించారు?”

ఎలియాజర్ గారెల బాండీ ముందు నిలబడి గట్టిగానే అన్నాడు.

“మెల్లగా అనండి. వింటాడు,” అంది సెరీనా.

“విననీ. తెలుగొచ్చా ఏంటి వాడికి?”

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో శనివారం సంత. రెండువేల సంవత్సరం, జూన్ నెల.

వైటూకే కంప్యూటర్ పని మీద కాకినాడ నుంచి వచ్చిన ఎలియాజర్‌కి జనవరి దాటగానే కాంట్రాక్టు అయిపోయింది. సిడ్నీలో ఉద్యోగం దొరికేదాకా భార్య సెరీనా వేసే గారెలే ఇంటికి ఆధారం.

పక్క బండి ముసలాయన పేరు వార్సితో. ఇండోనేషియాలోని జావా మనిషి. సోయా పాలు విరిచి చేసే టోఫూని వేయించి చిన్న మట్టి మూకుడులో ముక్కలు చేసేవాడు. పచ్చిమిర్చి, చిన్నుల్లిపాయలు కచ్చాపచ్చాగా దంచి వేసేవాడు. పైన చింతపండు, బెల్లం కలిపిన నీళ్లు పోసి ఇచ్చేవాడు.

ఆ వాసనకి జనం గారెలు దాటుకుని పోయి అక్కడ నిలబడేవారు.

ఓ రోజు సెరీనా కూడా రుచి చూసింది.

“అచ్చం మా పులుసులాగే ఉంది అంకుల్. ఎక్కడిదిది?”

“టోఫూ చైనా వాళ్లది. పులుసు మాది,” అన్నాడు ముసలాయన వచ్చీరాని ఇంగ్లీషులో. “మా తాత జావాలోని చిరెబొన్‌లో చైనా వాళ్ల టోఫూ కొట్టులో కూలి. అమ్ముడుపోనిది ఇంటికి తెచ్చేవాడు. ఇంట్లో ఇంకేమీ ఉండేది కాదు. ఈ నీళ్లు పోసి మాకు పెట్టేవాడు. తర్వాత అదే బుట్టలో పెట్టుకుని వీధుల్లో అమ్మాడు.”

“కబుర్లు చాలు. ఇటు రా,” అని పిలిచాడు ఎలియాజర్.

ఆ మరుసటి శనివారం తూర్పు తైమూరు మనిషి ఒకడు సంతకి వచ్చాడు. కిందటి సెప్టెంబరులో అక్కడి దిలీ పట్నాన్ని ఇండోనేషియా పక్షపు సాయుధ ముఠాలు తగలబెట్టినప్పుడు పారిపోయి డార్విన్ చేరినవాళ్లలో ఒకడు.

వార్సితోని చూడగానే ఆగిపోయాడు.

“నువ్వు దిలీలో మా వీధిలో ఉండేవాడివి కదూ?”

“అవును.”

“మా ఇళ్లు కాల్చినవాళ్లని నీ గుమ్మంలో కూర్చోబెట్టి టోఫూ పెట్టావు. నా కళ్లతో చూశాను. పెట్టావా, లేదా?”

చుట్టూ జనం మూగారు.

“పెట్టాను,” అన్నాడు వార్సితో.

“ఎందుకు?”

ముసలాయన నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

ఆ మనిషి బల్లని ఒక్క తోపు తోశాడు. మూకుళ్లు పగిలాయి. “గో హోమ్!” అని ఎవరో అరిచారు. ఇంకెవరో ఉమ్మేశారు.

పెంకులు ఏరబోయిన సెరీనాని ఎలియాజర్ చెయ్యిపట్టి లాగాడు.

“వీడి బండి తీసేయమని ఈ వారమే సంత కమిటీకి లెటర్ ఇచ్చేస్తాను.”

“వద్దండీ. ఆయనేదో చెప్పబోయాడు.”

“చెప్పేదేముంది? ఒప్పుకున్నాడుగా!”

సంతంతా తిరిగి నలభై సంతకాలు పెట్టించాడు.

కమిటీ వాళ్లు ఆ కాగితం చూపిస్తే వార్సితో తిన్నగా ఎలియాజర్ దగ్గరికి తెచ్చాడు.

“ఇందులో మీ సంతకం ఏది?”

“మొదటిది,” అన్నాడు ఎలియాజర్ తల ఎగరేసి.

ముసలాయన దాన్ని కాసేపు చూశాడు. కాగితం తిరిగి ఇచ్చేసి, బల్ల మడిచి పట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి వారం నుంచి గారెలు పదకొండింటికల్లా అయిపోసాగాయి.

ఆగస్టులో ఒకామె వచ్చింది. తైమూరు మనిషే. చంకలో పసిపిల్ల.

“ఇక్కడ టోఫూ అమ్మే తాత ఏడీ?”

“లేడు. మేమే పంపించేశాం,” అన్నాడు ఎలియాజర్. “ఆ ముఠాలకి తిండిపెట్టిన మనిషి.”

“పెట్టాడు,” అందామె. “మూడు రోజులు. వాళ్లు గుమ్మంలో తింటున్నంతసేపూ లోపల సోయా బస్తాల వెనక పదకొండు మందిమి దాక్కుని ఉన్నాం.”

చేతిలో గారె పళ్లెంలో పెట్టేసి ఎలియాజర్ ఆమె వైపు తిరిగాడు.

“మరి... ఆ రోజు అందరి ముందూ అడిగితే ఎందుకు చెప్పలేదు?”

“మా ఆయన సరిహద్దు అవతలి శిబిరంలో, ఆ ముఠాల మధ్యనే మారుపేరుతో ఉండిపోయాడు. మా ఇంటిల్లిపాదీ చచ్చిపోయామనే వాళ్లు అనుకున్నారు; మేం బతికున్నామన్న ఊసు బయటికొస్తే ఆయన కోసం వెతికి, ఆయనెవరో పోల్చుకుంటారు. ఎవరికీ చెప్పొద్దని తాతతో నేనే ఒట్టు వేయించుకున్నాను.”

సెరీనా స్టవ్ ఆర్పేసింది.

“తాత ఎక్కడికి వెళ్లాడు?” అని అడిగిందామె.

ఇద్దరికీ తెలియదు.

ఆమె గారెల బండి పక్కనున్న ఖాళీ చోటు వైపు చూసింది.

“మా ఆయన మొన్న బయటపడ్డాడు. ‘ఇంక చెప్పొచ్చు తాతా’ అని చెప్పిపోదామని వచ్చాను.”