పచ్చగా వెలిగే సీసా

క్వారీల్లో పేల్చే మందు భూమిలోకి దిగి బోర్లలో తేలడం మొదలయ్యాక, మా వీధిలో ప్రతి గుమ్మం పక్కనా ఓ సీసా వెలిసింది. అందులో ఎవరి బోరు నీళ్లు వాళ్లు పోసి, జేబులో పట్టే కడ్డీ ఒకటి వేలాడదీస్తాం. నీళ్లలో మందుంటే కడ్డీ ఎర్రగా వెలుగుతుంది, లేకపోతే పచ్చగా.

మాది ఎరుపు. వీధంతా ఎరుపే. ఎదురింటి సూరీడమ్మది మాత్రం పచ్చ! తెల్లారితే ఆడవాళ్లంతా బిందెలతో ఆవిడ అరుగు మీదే. ఆవిడ కాఫీ, ఆవిడ కబుర్లు. నాకు కడుపు మండిపోయేది. పంతం కొద్దీ నేను ట్యాంకర్ నీళ్లే తాగాను.

ఒకరు ఇచ్చిన నీళ్లలో కడ్డీ ముంచడమంటే మా దగ్గర చెంప మీద కొట్టినట్టే. అందుకే ఎవరూ ముంచలేదు. ఇవాళ పనిగట్టుకుని ఆవిడ ఇంటికెళ్లి నేను ముంచాను, ఆవిడ ఇచ్చిన గ్లాసులో, ఆవిడ కళ్లముందే.

ఎర్రగా వెలిగింది.

సూరీడమ్మ తలుపు మూసి నా చెయ్యి పట్టుకుంది. "సీసాలోవి వాన నీళ్లు వదినా. ఆయన పోయాక నా గడప తొక్కినవాళ్లు లేరు. ఇప్పుడు రోజూ ఇరవై మంది వస్తున్నారు. ఎవరికీ చెప్పకు."

వీధిలోకి వెళ్లి అరవాలి. ఆ నీళ్లు పసిపిల్లలు తాగుతున్నారు. ఇంతలో బయట బిందెల చప్పుడు, "సూరీడమ్మత్తా!" అని పిలుపు. నన్నెవరూ ఏనాడూ అంత ప్రేమగా పిలవలేదు.

"ఆ వాన నీళ్లు ఇంకా ఉన్నాయా?" అని అడిగాను. "నాకూ ఓ సీసాడు పోసివ్వు."