మిట్ట దగ్గర కుర్చీ

పళ్ల డాక్టరు మళ్లీ పడ్డాడు.

అదే మిట్ట, అదే రాయి. బండి ఒకవైపు, మనిషి ఒకవైపు.

మిట్ట కింద మడత కుర్చీలో కూర్చున్న మామ్మ కుంటుకుంటూ వచ్చింది. వచ్చి ముందు బండిని తడిమింది. క్లచ్ లివరు వంగిందేమోనని చూసింది. ట్యాంకు మీది మట్టి అరచేత్తో తుడిచింది.

“మామ్మగారూ, పడింది నేను,” అన్నాడు డాక్టరు బురదలోంచి.

“నువ్వు లేస్తావులే బాబూ. దానంతట అది లేవలేదుగా!”

అక్కడ బండ్లెక్కడం నేర్చుకుంటున్న కుర్రకారంతా పగలబడి నవ్వారు. డాక్టరుకు ఒళ్లు మండింది.

నలభై దాటిన మనిషి. రోజంతా జనాన్ని కుర్చీలో పడుకోబెట్టి ‘కదలకండి, కదలకండి’ అంటాడు. తాను మాత్రం కుదురుగా ఉండలేడు. ఒకరోజు ఎవరిదో దవడ పన్ను పీకుతూ, ‘ఇక నా బతుకంతా ఇంతేనా?’ అనుకున్నాడు. అంతే, ఆ రోజు నుంచి కాలు కాలిన పిల్లిలా తిరిగి తిరిగి, ఒక మెకానిక్ షెడ్డులో మూలన పడున్న పాత బండిని కొన్నాడు. రోడ్డు మీద తిరిగేది కాదు. రాళ్లూ గుట్టలూ ఎక్కేది.

“ఎవరీవిడ? నా బండినే ఎందుకలా తడుముతుంది?” అని అక్కడ నేర్పే కోచ్‌ని అడిగాడు.

“నేనూ కొత్తే సార్. కొడుకు ఈ మిట్ట మీదే పోయాడని అంటారు. అతనిదీ ఇలాంటి బండేనేమో, పాపం.”



ఇంటికెళ్తే భార్య వాచిన మణికట్టుకు కట్టు కట్టింది.

“ఆ మిట్ట ఎక్కి ఏం తెస్తారు?”

“ఏమీ తేను. ఎక్కుతాను, అంతే.”

“ఈ చెయ్యి విరిగితే రేపు పళ్లెవరు పీకుతారు, నేనా? వచ్చే ఆదివారమే ఆఖరు. ఎక్కారా, మీ ఇష్టం. మళ్లీ కట్టుతో వచ్చారా, బండి అమ్మేస్తాను.”

ఆమె అన్నంత పనీ చేస్తుంది. అందుకని శనివారమే మళ్లీ వెళ్లాడు.

మామ్మ అక్కడే ఉంది, అదే కుర్చీలో.

బండి మిట్ట ఎక్కుతోంది. రాయి దగ్గరపడింది.

“లేచి నిలబడు! రాయిని చూడకు! పైకి చూడు, పైకి!” మామ్మ గట్టిగా అరిచింది.

డాక్టరు ఉలిక్కిపడ్డాడు. రాయినే చూశాడు. రాయినే గుద్దాడు.

ఈసారి ఓపిక చచ్చింది.

“ఇక చాలించండి మామ్మగారూ! మీ అబ్బాయి పోయాడని ఎక్కేవాళ్లందర్నీ ఇలా భయపెట్టి పడేస్తారా?”

డాక్టరు నాలుక కరుచుకున్నాడు. నోరు జారాక ఏం లాభం?

మామ్మ ఏదో చెప్పబోయి ఆగింది. బండి వైపు ఒకసారి చూసింది.

“రాయిని చూస్తే రాయి దగ్గరికే పోతావు బాబూ,” అని మాత్రం అంది.

కుర్చీ మడిచి చంకన పెట్టుకుని కుంటుకుంటూ వెళ్లిపోయింది.

ఆదివారం డాక్టరు ముందుగానే వచ్చాడు. ముందు క్షమాపణ, తర్వాతే మిట్ట అనుకున్నాడు. కానీ మామ్మ రాలేదు. కుర్చీ కాళ్ల గుంటలు మాత్రం మట్టిలో అలాగే ఉన్నాయి.

ఎంతసేపని చూస్తాడు? బండి తీశాడు.

రాయి దగ్గరపడింది. కళ్లు దానివైపే లాగుతున్నాయి. మామ్మ మాట గుర్తొచ్చింది. సీటు మీంచి లేచి నిలబడ్డాడు. మిట్ట కొసన ఒంటరిగా ఉన్న పొదను చూస్తూ బండిని పోనిచ్చాడు.

రాయిని ఎప్పుడు దాటాడో తెలియలేదు.

పైకెక్కి చిన్నపిల్లాడిలా కేకేశాడు. కేకేసి, కింద కుర్చీ ఉండే చోటుకేసి చూశాడు. అక్కడెవరూ లేరు. సంతోషంలో సగం అక్కడే ఆవిరైపోయింది.

మర్నాడు బండిని, అది తనకు అమ్మిన మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లాడు.

“సీటు ఎత్తు పెంచవయ్యా, మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఎవడో పొట్టివాడు దీన్ని అడ్డంగా కోయించేశాడు. అన్నట్టు, మిట్ట దగ్గర కుర్చీ వేసుకుని ఒక మామ్మ కూర్చునేది, నీకు తెలుసా?”

“తెలియకేం సార్! నిన్ననే చెల్లెలి ఊరికి వెళ్లిపోయారు. ఇక రారు. తనని చూస్తే అక్కడివాళ్లకి భయమేస్తోందట.”

డాక్టరు పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

“తప్పు చేశానయ్యా. కొడుకు పోయిన తల్లిని పట్టుకుని నోటికొచ్చినట్టు అన్నాను.”

“కొడుకేంటి సార్? ఆవిడకసలు పెళ్లే కాలేదు.”

మెకానిక్ స్పానరు పక్కన పెట్టి, సీటు మీద మెల్లగా చెయ్యి వేశాడు.

“ఆ మిట్టని అందరికంటే ముందు ఎక్కిందీ, తుంటి విరిగి ఆగిపోయిందీ ఆవిడే, ఈ సీటు కోయించింది ఆవిడ కాళ్లకి నేల అందాలనే సార్.”