చిక్కటి నీళ్లు

వెంకటికి మళ్లీ నీళ్లు పొలమారాయి.

సిరిసిల్ల నడిరోడ్డు మీద వంటావార్పు. సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు దాటింది. బస్సులు లేవు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, వాటి వెనక ఆగిపోయిన ఆటోలు.

పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పడిపోయినా, నలుగురితో కలిసి రోడ్డు మీద నాలుగు మెతుకులు తింటానని వెంకటి పట్టుబట్టి వచ్చాడు.

మనవరాలు రజని వీపు నిమిరింది. దగ్గు ఆగలేదు. కళ్లు తేలేశాడు.

ఒక ఆటోలోంచి బురఖా వేసుకున్న పెద్దామె దిగి గబగబా వచ్చింది.

"పక్షవాతమా బిడ్డా?"

"ఔ. రెండు నెలలాయె."

"గట్లయితె పలుచటి నీళ్లియ్యద్దు. గొంతు పట్టు తప్పుతది. నీళ్లు ఊపిరి దిక్కు పోతయి."

సంచిలోంచి డబ్బా తీసింది. గ్లాసు నీళ్లలో చెంచాడు తెల్లటి పొడి వేసి గిరగిరా తిప్పింది. కాసేపటికి నీళ్లు జావలా చిక్కబడ్డాయి.

వెంకటి చెంచా చెంచాగా గ్లాసంతా తాగాడు. ఒక్కసారి కూడా దగ్గలేదు.

"దూప తీరింది బిడ్డా. రెండు నెలలకు తీరింది" అన్నాడు.

రజని తండ్రి దివాకర్ అప్పుడే వచ్చాడు.

"ఏం పొడి అది?"

"బంక పొడి. గోరుచిక్కుడు గింజలది. పొడిపొడిగ నోట్లె పోయద్దు. నీళ్లల్ల కలిపి, చిక్కగైనంకనే ఇయ్యాలె."

"ఎంతకమ్ముతున్నవ్?"

"అమ్మకానికి కాదు నాయినా."

"ఊకెనే ఇస్తవా? నువ్వేమన్న డాక్టరువా?"

"సమ్మె గదనే, డాక్టర్లు గూడ రోడ్డు మీదికే వచ్చిండ్రు!" అన్నారు పొయ్యి దగ్గర ఎవరో. అందరూ నవ్వారు.

ఆమె నవ్వలేదు. రజని టిఫిన్ డబ్బాలో పొడి పోసింది. చీటీ మీద ఫోన్ నంబరు రాసి ఇచ్చింది.

"కలుపుడు రాకుంటె ఫోన్ చెయ్. తాహెరాబీ అంటరు. మాది కోరుట్ల."

దారి వదిలారు. ఆటో వెళ్లిపోయింది.

ఇంటికి రాగానే దివాకర్ ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. అతనిది సైజింగులో పని. మరమగ్గాల మీదికెక్కే నూలుకు బంక పట్టించడం పదేళ్లుగా అతని బతుకుతెరువు.

"గిదే. నూలుకు పెట్టేది గిదే."

"తాత మంచిగ తాగిండు గద బాపూ."

"తాగుతడు. కడుపులకు పొయినంక సంగతేంది?"

గ్లాసులో కలిపాడు. నూలుపోగు ముంచి ఎండలో ఆరేశాడు. సాయంత్రానికి పోగు పుల్లలా బిర్రబిగిసింది. వేలి మీద నిలబెట్టి చూపించాడు.

"చూసినవా? మీ తాత పేగులు గిట్లనే అయితయి."

ఆ పోగును చూస్తే రజనికీ భయమేసింది. తండ్రి పొడిని మురుగు మోరీలో పారబోస్తుంటే అడ్డం చెప్పలేదు. చీటీ మాత్రం పుస్తకంలో పెట్టుకుంది.

మర్నాడు వెంకటి గ్లాసు వైపు చెయ్యి చూపించాడు.

"గా నీళ్లియ్యి బిడ్డా. చిక్కటియి."

"అయి లెవ్వు తాతా."

"ఏమాయె?"

రజని చెంబు అందుకుంది. తాత పెదాలు పగిలి ఉన్నాయి. చూడలేక చెంబులో నీళ్లే తాగించింది. దగ్గాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ ఇచ్చింది.

ఐదో రోజు జ్వరం. ఏడో రోజు ఊపిరి గురగురలాడింది. దవాఖానకు తీసుకుపోయారు.

డాక్టరు ఎక్స్‌రే చూశాడు.

"నీళ్లు ఎవరు తాపిండ్రు?"

"నేనే సార్" అంది రజని. ఆ మాట ఆమెకే సరిగా వినబడలేదు.

"ఊపిరితిత్తులల్లకు పొయినయి. నిమోనియా అయింది. చిక్కగ చేసే పొడి కలిపి ఇయ్యాలె. ఎవలు చెప్పలేదా?"

దివాకర్ ముందుకు వచ్చాడు.

"బంక పొడే గద సార్? నూలుకు పెట్టేది. పేగులల్ల ఎండి బిర్రుగ కాదా?"

"పేగులల్ల ఎండ కొడ్తదా ఎండుతందుకు? లోపలంత తడే. తినే రకం వేరే, శుభ్రం చేసి అమ్ముతరు. నువ్వు నీ బిడ్డకు కొనిచ్చే ఐస్‌క్రీంల గూడ ఉంటది. కొలత తప్పకుంట, నీళ్లు సాలినన్ని కలిపితె భయం లేదు. మహా అయితె కడుపుబ్బరం."

దివాకర్ తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"ఇప్పుడు దొరుకుతదా సార్?"

"హైదరాబాద్ నుంచి రావాలె. బస్సులు నడిస్తె గద. జెర కోలుకున్నంక గూడ అది లేకుంట చుక్క నీళ్లు పొయ్యకుర్రి."

మంచం మీద వెంకటి ముక్కుకు గొట్టంతో పెదాలు కదిలిస్తున్నాడు. నీళ్లే అడుగుతున్నాడని రజనికి తెలుసు.

వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది.

"అమ్మా, నేను సిరిసిల్ల రజనిని. రోడ్డు మీద పొడి ఇచ్చిండ్రు గద..."

"ఆ బిడ్డా! మీ తాత మంచిగున్నడా?"



"ఇంకింత పొడి ఉంటె... మా బాపు ఇప్పుడే బండి మీద వస్తడు."



"లేదు బిడ్డా. ఉన్నది గదొక్కటే డబ్బ. దాంట్ల సగం మీకు పోసిన, మిగిలింది మొన్ననే అయిపోయె. బస్సులు నడువంగనే పొయి మల్ల తెచ్చుకుందామనుకున్న."

"ఎవరికమ్మా?"

"మా ఆయనకు బిడ్డా, రెండేండ్ల సంది మీ తాత లెక్కనే మంచంల ఉన్నడు. జావతోని ఎల్లదీస్తున్న గని, నీళ్లడిగినప్పుడల్ల తడిగుడ్డ పెదాలకద్దుతు చెప్తున్న, సిరిసిల్లల ఒక పెద్దమనిషన్న దూప తీరంగ తాగుతున్నడని."