తాళం వేసిన చెయ్యి

"ఈ పొద్దు మృదంగం తని లేదు. టైం చాలదు," వేదిక మీదే గొంతు తగ్గించి చెప్పాడు గాయకుడు తిరువేంగడం. మృదంగం ఒక్కటే వాయించే ఆ వంతును ఇట్లా ఎగ్గొట్టడం వరసగా ఇది మూడో కచేరీలో.

"నేను వాయిస్తాను సార్," అంది మృదంగం ముందు కూర్చున్న శ్రీప్రియ.

"అట్టనా? తాళం కూడా నువ్వే వేసుకో." తాళం వెయ్యాల్సిన ఆయన చేతులు కట్టేసుకున్నాడు.

రెండు చేతులూ మృదంగం మీదుంటే తాళం ఎవరేస్తారు? ఎదురుగా వయొలిన్‌తో కూర్చున్న నాన్న వైపు ఆమె చూడనైనా లేదు. "పెద్దాయన్తో పెట్టుకోబాకమ్మా" అని పొద్దున కూడా బతిమాలిన మనిషి.

మొండిగా మొదలుపెట్టింది.

తొడమీద దెబ్బ వినబడింది. నాన్న వయొలిన్ ఒళ్లో పెట్టుకొని తాళం వేస్తున్నాడు.

"ఏమయ్యా బాలసుందరం!" తిరువేంగడం పళ్లు నూరాడు.

"మాట్లాడబాకండి సార్," అన్నాడు నాన్న, చెయ్యి ఆపకుండా. "బిడ్డకు లెక్క తప్పిపోతాది."