పదికి సున్నా

"నొప్పి పదికి ఎంత?" అడిగింది శ్రీనిధి.

"సున్నా," అన్నాడు హనుమంతు, మంచం మీద నిటారుగా కూర్చుని.

గుండె ఆపరేషన్ జరిగి అది మూడో రోజు. ఛాతీ ఎముకను రెండుగా కోసి, మళ్లీ తీగలతో బిగించారు. జూబ్లీహిల్స్‌లోని ఆ ఆసుపత్రిలో ఆరేళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న శ్రీనిధి, మూడో రోజున సున్నా అన్న రోగిని ఇంతవరకూ చూడలేదు.

"ఈ దిండు ఛాతీకి గట్టిగా అదుముకుని దగ్గండి."

"దగ్గు వస్తలేదు మేడమ్."

"రాకపోయినా తెప్పించుకోవాలండీ. కఫం లోపలే ఉండిపోతే జ్వరం వస్తుంది. ఊపిరితిత్తులకు పాకితే ప్రాణం మీదికొస్తుంది."

పక్క కుర్చీలో హనుమంతు భార్య కౌసల్య ముందుకు వంగి ఆయన ముఖంలోకే చూస్తోంది. మూడు రోజులుగా అదే చూపు.

"నిజంగ నొస్తలేదా?" అంది.

"చీమ కుట్టినంత గూడ లేదు. నువ్వు ఫికర్ చెయ్యకు. వచ్చే వారం ఫిల్మ్‌నగర్ల షూటింగుకు పోత, చూస్తుండు."

శ్రీనిధికి విషయం అర్థమైంది. హనుమంతు జూనియర్ ఆర్టిస్టు. రహమత్ నగర్ నుంచి ముప్ఫై ఏళ్లుగా షూటింగులకు తిరుగుతున్నాడు. హీరో చెయ్యి తగలకముందే ఎగిరిపడి, తగలని దెబ్బకు కేకలు పెట్టి పొట్ట పోసుకున్న మనిషి. ఇప్పుడు నిజంగా ఛాతీ కోస్తే మాత్రం కిక్కురుమనడు. వేషం చేజారుతుందని భయం కాబోలు. ఆమెకు ఒళ్లు మండింది.

"అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి. నేను ఆయన చేత దగ్గిస్తాను."

"నేను చూడాలె," అంది కౌసల్య.

"ఉండనీయండి మేడమ్," అన్నాడు హనుమంతు.

సాయంత్రం వరండాలో నడిపించింది. కౌసల్య కూడా వెంట బయల్దేరింది కానీ పది అడుగులకే ఆయాసపడుతూ గోడకు ఆనుకుంది. రాత్రింబవళ్లు కుర్చీలో కూర్చుంటే ఎవరైనా అలాగే అయిపోతారు.

"మీరు కూర్చోండమ్మా, నడవాల్సింది ఆయన," అంది శ్రీనిధి.

హనుమంతు వెనక్కి తిరిగి భార్యకు చెయ్యి ఊపాడు. ఈల కూడా వేయబోయాడు. మలుపు తిరిగి ఆమె కనుమరుగు కాగానే గోడ కమ్మీ పట్టుకుని వంగిపోయాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"ఇప్పుడు చెప్పండి. ఎంత?"

"పది," అన్నాడు గొణిగినట్టు. "ఆడ కౌసల్య ముందట చెప్పకండి."

శ్రీనిధి నర్సుకు చెప్పింది. నర్సు నొప్పి ఇంజెక్షన్ తెచ్చింది. కౌసల్య చూస్తుండగా హనుమంతు దాన్ని తిప్పి పంపేశాడు.

"నాకేం నొప్పి? గిది పక్క మంచమాయనకియ్యండి."

మర్నాడూ దగ్గలేదు. ఐదో రోజుకి జ్వరం నూటరెండు దాటింది. ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా కనబడింది. మళ్లీ ఐసీయూకి మార్చమన్నాడు డాక్టర్ రాఘవేంద్ర. స్ట్రెచర్ వచ్చేసరికి కౌసల్య గదిలో లేదు. ఏదో పరీక్ష ఉందని కింది అంతస్తుకి వెళ్లింది.

ఆక్సిజన్ మాస్కు కింద హనుమంతు రొప్పుతున్నాడు. ఇంత చిన్న విషయానికి మనిషి చేయిదాటిపోతున్నాడని శ్రీనిధికి ఏడుపు వచ్చింది.

"ఆ రోజు ఇంజెక్షన్ తీసుకునుంటే నొప్పి తగ్గేది. దగ్గేవారు. ఇలా అయ్యేదా? ఒక్క వేషం కోసం ప్రాణం పెడతారా ఎవరైనా?"

"వేషం ఏడిది మేడమ్? యాడాది సంది నన్నెవ్వలు పిలుస్తలేరు."

"మరి ఆ షూటింగు?"

హనుమంతు మాస్కు కాస్త పక్కకు జరిపాడు.

"కౌసల్య వస్తే టెస్టుకు తీస్కపోయిన్రని చెప్పండి. నవ్వుకుంట పోయిండని చెప్పండి."

"ఇంకా నటనేనా? కట్టుకున్న భార్య దగ్గర ఎందుకండీ ఇంత అబద్ధం?"

ఆయన ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"సోమవారం ఆమెకు గిదే ఆపరేషన్, మేడమ్."