పడమటి గాలి రోజులు

"కొట్టెయ్యమ్మా. ఇంకా చూస్తావేం?" అన్నాడు పెద్దాయన, ఎర్ర పెన్సిల్ ఆమె ముందుకు తోస్తూ.

ధ్రువానికి దగ్గరలో ఉన్న వాతావరణ కార్యాలయం అది. కొండ మీద నుంచి ఎగిరే బెలూన్, ఇరవై రెండు కిలోమీటర్ల ఎత్తున ఎంత చలి ఉందో చెబుతుంది. ఆ అంకెలు కొండ మీది గదిలో రిసీవర్‌కు వస్తే, అక్కడి ఉద్యోగి ఇక్కడికి పంపుతాడు, ఆమె సరిచూస్తుంది. కంప్యూటర్ లెక్కకూ వాటికీ ఎనిమిది డిగ్రీలు మించి తేడా వస్తే ఎర్రగీతే. ఒకే మనిషికి మూడు గీతలు పడితే, కొండ దింపి ఈ ఊళ్లో సామాన్ల గదిలో పడేస్తారు.

ఇది పడితే మూడోది. ఆ ఉద్యోగి ఆమె భర్త. పెళ్లయి నలభై రోజులు.

"కొత్త పెళ్లికొడుకు. మనసంతా ఇంటి దగ్గరే," అన్నాడు పెద్దాయన.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. వెంటనే ఫోన్ చేసింది.

"ఏమండీ, నిన్నటి అంకె మళ్లీ పది డిగ్రీలు తక్కువ వచ్చింది. సరిగ్గా చూశారా?"

"చూశాను. దింపేస్తే దింపనీ. సామాన్ల గది నీ కిటికీ పక్కనేగా. రోజూ నీ టీలో సగం నాది."

"మీకు నవ్వులాటగా ఉంది. నలుగురిలో పరువు పోదూ?"

"పరువును కప్పులో పోసుకుని తాగుతామా?"

ఆమె ఠక్కున ఫోన్ పెట్టేసింది. కోటు జేబులో ఆయన మర్చిపోయిన ఒంటి చేతితొడుగు ఉంది. అది తొడుక్కుని పాత కాగితాలు తిరగేసింది. ఆ మూడు తేదీలూ ఆమెకు కంఠతా వచ్చు. మూడూ పడమటి గాలి రోజులే. ఆ గాలి రేగితే ఉద్యోగుల్ని తెచ్చే లారీ కొండ దిగదు, ఆయన ఇంటికి రాడు. మూడుసార్లూ ఆమె వండిన కూర చల్లారిపోయింది.

గాలి. కొండ. చటుక్కున లేచింది.

"సార్, పడమటి గాలి కొండకు తగిలితే అలలు లేస్తాయి. పైకి పోయేకొద్దీ పెద్దవవుతాయి. అల ఎత్తిన చోట గాలి మరింత చల్లబడుతుంది. మన కంప్యూటర్‌లో ఈ కొండ సగం ఎత్తే ఉంది. దానికి అల సంగతి ఎలా తెలుస్తుంది?"

పెద్దాయన ఎర్ర పెన్సిల్ వెనక్కి తీసుకున్నాడు.

"అదే నిజమైతే, అంత చలికి ముత్యపుచిప్ప రంగు మబ్బులు పుడతాయమ్మా. చూడ్డానికి అందమే, ఓజోన్‌కు మాత్రం చేటు. మనం అనుకున్నదానికంటే ఎక్కువే పోతోందన్నమాట." అన్నాడాయన. "ఈసారి మీ ఆయన్ని ఒకే బెలూన్‌కు రెండు పరికరాలు కట్టమను. రెండూ ఒకే మాట చెబితే నమ్ముతాను."

నాలుగు రోజులకు మళ్లీ పడమటి గాలి. లారీ రాలేదు, అంకెలు మాత్రం వచ్చాయి, మళ్లీ కంప్యూటర్ లెక్కకంటే పది డిగ్రీలు తక్కువ. మైనస్ ఎనభై ఎనిమిది. రెండోది కూడా మైనస్ ఎనభై ఎనిమిదే.

పెద్దాయన పాత రెండు గీతలూ చెరిపేశాడు. సాయంత్రంలోగా హెచ్చరిక రాసి, ఆమె చేత కూడా సంతకం పెట్టించి, అన్ని దేశాల కేంద్రాలకూ పంపేశాడు.

"మీ తప్పేమీ లేదని తేల్చేశాను," అంది ఆమె ఫోన్‌లో, పొంగిపోతూ. "ఇంత నమ్మకస్తుణ్ణి కదిలించకూడదట. ఇంకో రెండేళ్లు అక్కడే ఉంచుతారు."

అటు గాలి హోరులో కుర్చీ జరిపిన చప్పుడు, తలుపు గడియ పెట్టిన చప్పుడు వినిపించాయి.

"ఏమండీ?"

"లారీ దిగని రోజల్లా, ఇవాళ కూడా, నీ దగ్గరికి వచ్చేద్దామని ఆ అంకెలు నేనే మార్చాను."